కూలి లెక్కలో సరదా పద్దు

ఆదివారం పొద్దున పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడి దగ్గర కాసేపు నిలబడితే, గుంటూరు చుట్టుపక్కల జనం ఆ వారం ఏం కొన్నారో తెలిసిపోతుంది. కొత్త బండి కొన్నవాళ్లు పూజకు దాన్ని ఇక్కడికే తెస్తారు. హ్యాండిలుకు బంతిపూల దండ, లైటు మీద పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, సీటుకు ఇంకా విప్పని ప్లాస్టిక్ కవరు. ఒకవైపు పొంగళ్ల పొయ్యిలు, ఇంకోవైపు చంటిపిల్లల అన్నప్రాశనల సందడి. కార్లూ ట్రాక్టర్లూ వస్తాయిగానీ, నా చూపు ఎక్కువగా మోటారు సైకిళ్ల మీదే ఉంటుంది. వాటి పక్కన నిలబడేది తాపీమేస్త్రీలు, ఆటో డ్రైవర్లు, గుంటూరు బట్టల కొట్లలో పనిచేసే కుర్రాళ్లు, కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు మోసే హమాలీలు. దాదాపు లక్ష రూపాయల బండిని వాయిదాల మీద తెచ్చుకుని, కొబ్బరికాయ కొట్టి, ఇంటిల్లిపాదీ దాని ముందు నిలబడి ఫోటో దిగుతారు.

ఆ ఫోటో చూసి, అప్పు చేసి పప్పు కూడు ఎందుకు అనేవాళ్లు ఉన్నారు. ఇంత కష్టపడేది ఇందుకు కాకపోతే మరెందుకు అనేవాళ్లూ ఉన్నారు. రోజు కూలి మీదో, నెలకు పదీ పదిహేను వేల జీతం మీదో నడిచే ఇంట్లో చిన్నచిన్న సరదాలకు చోటుందా? ఉంటే ఎంత? ఆ డబ్బు ఎక్కడినుంచి రావాలి? అర్థశాస్త్రవేత్తలు, ప్రభుత్వాలు, కోర్టులు, సబ్బులు షాంపూలు అమ్మే కంపెనీలు, ఇంట్లో పెద్దవాళ్లు అందరూ ఈ ప్రశ్నకు తలో జవాబు చెప్పారు. వాటన్నిటినీ ఈ ఊరి లెక్కల పక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కూలి కుటుంబం చితికిపోయేది సరదా ఖర్చుల వల్ల అనే మాటకు ఆధారం చాలా తక్కువ. డబ్బు చేతికి ఎప్పుడు వస్తుంది, ఒక్కసారిగా మీదపడే పెద్ద ఖర్చు ఏది, ఇంట్లో ఖర్చు నిర్ణయించేది ఎవరు అన్నవాటి మీదే ఆ కుటుంబం నిలబడటమో పడిపోవడమో ఆధారపడి ఉంటుంది.

ముందు డబ్బు వచ్చే తీరు చూద్దాం. గుంటూరు, విజయవాడల మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు పెదకాకాని. హైవే పొడుగునా గోదాములు, కోల్డ్ స్టోరేజీలు. ఇక్కడి కూలి ఆదాయానికి మిరపకాయే క్యాలెండరు. ఆసియాలోనే అతి పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరున్న గుంటూరు యార్డుకు జనవరి నుంచి సరుకు జోరుగా వస్తుంది. మే వచ్చేసరికి యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. ఆ నాలుగైదు నెలలు కోతలు, కల్లాల్లో ఎండబెట్టడం, తాలు ఏరడం, ముచ్చికలు తీయడం, టిక్కీలు (మిర్చి బస్తాలు) కుట్టడం, ఎత్తడం, దించడం... చేతినిండా పని. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే పిల్లాజెల్లాతో ఇటు కోతలకు తరలి వస్తాయి. ముచ్చికలు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని పొద్దస్తమానం కాయల ముందు కూర్చుంటారు. సాయంత్రం ఇంటికెళ్లి ఎన్నిసార్లు కడుక్కున్నా చేతుల మంట తగ్గదు. ఆ చేతులతో పసిబిడ్డను ఎత్తుకోవడానికి తల్లులు భయపడతారు. సీజను అయిపోయాక పని పలచబడుతుంది. ఏడాది బతుకుకు కావలసిన డబ్బులో పెద్ద భాగం ఆ కొద్ది నెలల్లోనే రావాలి.

ధర పడిపోతే ఆ కొద్ది నెలలూ కలిసిరావు. అంతకుముందు సీజన్లలో క్వింటాలు 20,000 రూపాయలు దాటి పలికిన మిర్చి 2025 ఫిబ్రవరికి అందులో సగానికి దిగింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధరను ప్రకటించి, 2.91 లక్షల టన్నులకు దాన్ని వర్తింపజేస్తామంది. రైతు చేతిలో డబ్బు ఆడకపోతే కోత కూలి దగ్గర, ఆ కూలికి అప్పిచ్చిన కిరాణా కొట్టు దగ్గర, కొట్టు పక్కన పూలమ్మే మనిషి దగ్గర కూడా ఆడదు.

పూల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఈ మైదానంలో మిర్చి డబ్బూ మల్లెల కాలమూ దాదాపు ఒకేసారి వస్తాయి. మార్చి, ఏప్రిల్ సాయంత్రాలు పనినుంచి ఆటో దిగిన ఆడవాళ్లు పూలబుట్ట చుట్టూ చేరతారు. అమ్మే ఆమె దండను మోచేతినుంచి నడివేలి కొస దాకా చాచి మూర కొలుస్తుంది. "వదినా, నీ మూర పొట్టిది" అని ఒకామె నవ్వుతూ గొడవపెట్టుకుంటుంది. కొసరు కింద ఇంకో నాలుగు వేళ్ల దండ పడుతుంది. కొన్నామె దాన్ని అక్కడే మూడు ముక్కలు తుంచుతుంది. పెద్దది కూతురికి, చిన్నది దేవుడి పటానికి, మిగిలింది తన జడకు. పొద్దుటికి వాడిపోయే వస్తువు అది. తిండికి పనికిరాదు, దాచుకోవడానికి పనికిరాదు. అయినా రోజంతా ఘాటులో కూర్చుని వచ్చిన మనిషి ఆ వాసన కొనుక్కోవడంలో తప్పు పట్టడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు.

తప్పు పట్టే ఆలోచన ఒక పాత లెక్కలోంచి వచ్చింది. 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చులు పరిశీలించి, ఆదాయం తక్కువున్న కొద్దీ అందులో తిండి వాటా పెరుగుతుందని తేల్చాడు. సూత్రం ఇప్పటికీ నిలబడింది. దాన్నుంచి చాలామంది తీసిన అర్థం మాత్రం వేరు: పేదవాడు ముందు కడుపు నింపుకోవాలి, సరదాలు తర్వాత చూసుకోవాలి. మన దేశంలో 1999-2000లో పల్లె కుటుంబాల ఖర్చులో తిండి వాటా 59 శాతం పైన ఉండేది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేకు అది 46 శాతానికి వచ్చింది. ఆ 46 శాతంలోనూ బియ్యం గోధుమల వంటి ధాన్యాలది ఇప్పుడు పెద్ద వాటా కాదు. టీ, కూల్‌డ్రింకు, టిఫిను, బిస్కెట్ ప్యాకెట్ల వంటివి దాన్ని దాటేశాయి. మొత్తం ఖర్చులో వాటి వాటా 9.62 శాతం. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 4,870 రూపాయలు. నలుగురున్న ఇంటికి 19,480. అఖిలభారత వాటానే ఇక్కడా అనుకుంటే నెలకు 1,870 రూపాయల చిల్లర బజ్జీలకు, టీలకు, పిల్లల చిరుతిళ్లకు పోతుంది. వేరుశనగ పచ్చడితో నాలుగు ఇడ్లీలు, సాయంత్రం వాము పెట్టిన మిరపకాయ బజ్జీ తిన్న ఖర్చు కూడా ఇందులోదే.

ధాన్యం ఖర్చు తగ్గడానికి ఇక్కడ ఒక చరిత్ర ఉంది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటినుంచి రకరకాల ధరలు మారి, ఇప్పుడు కార్డుదారులకు రేషను బియ్యం ఉచితంగా వస్తున్నాయి. బియ్యం మీద మిగిలిన డబ్బు పప్పు, పాలు, గుడ్ల మీదకు పోవాలని విధానకర్తలు ఆశిస్తారు. కొంత పోయింది. కొంత టీ కొట్టుకూ, సెల్‌ఫోను రీచార్జికీ, పిల్ల పుట్టినరోజు కేకుకూ పోయింది. దీన్ని పథకం విఫలమైనట్టుగా రాసేవాళ్లతో నేను ఏకీభవించను. అన్నానికి బెంగ తీరిన మనిషి మొదట చేసే పని ఇంకొంచెం హాయి కొనుక్కోవడమే. ఆ పని తరతరాలుగా ఉన్నవాళ్లందరూ చేసిందే.

ఈ మాట అర్థశాస్త్రానికి కొత్తేం కాదు. ఆడమ్ స్మిత్ 1776లోనే, తన దేశంలో రోజుకూలి చేసే మనిషి కూడా నార చొక్కా లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడని, కాబట్టి ఆ చొక్కాను నిత్యావసరాల్లోనే లెక్కవేయాలని వాదించాడు. గ్రీకులు, రోమన్లు నార బట్ట లేకుండానే సుఖంగా బతికారు, అయినా కాలం మారితే అవసరమూ మారుతుందన్నాడు. ఇవాళ పెళ్లికి వెళ్లడానికి ఒక మంచి చీర, పిల్లవాడి కాలికి బూట్లు, చేతిలో ఫోను ఆ వరసలోకే వస్తాయి. పెదకాకానికి దగ్గర్లోనే మంగళగిరి. నిజాం అంచు నేత చీరకు పేరుపడ్డ ఊరు. పత్తి పండే ఈ నేలమీద పత్తి ఏరే ఆడవాళ్లలో ఎక్కువమంది కట్టేది పాలిస్టరు. అది త్వరగా ఆరుతుంది, తక్కువకు వస్తుంది. ఒక్క మంగళగిరి నూలు చీర మాత్రం చాలా ఇళ్లలో బీరువాలో మడతపెట్టి ఉంటుంది. పండక్కీ పెళ్లికీ తీస్తారు, ఉతికి ఆరేసి మళ్లీ లోపల పెడతారు. ఏళ్ల తరబడి పనికొచ్చే అలాంటి సరదాను దుబారా అనడానికి నాకు నోరు రాదు.

పేదలకు డబ్బు వాడుకోవడం తెలియదన్న వాదాన్ని గట్టిగా పరీక్షించిన అధ్యయనం మన దగ్గరే, హైదరాబాదులో జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ కలిసి నగరంలో 104 పేద బస్తీలను ఎంచుకున్నారు. లాటరీ పద్ధతిలో వాటిలో 52 చోట్ల స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచింది. తర్వాత రెండు రకాల బస్తీలనూ పోల్చారు. 2015లో అచ్చయిన ఫలితాలు సూక్ష్మరుణాలను పొగిడేవాళ్లనూ తిట్టేవాళ్లనూ కూడా నిరాశపరిచాయి. అప్పు వచ్చినంత మాత్రాన బస్తీల్లో పేదరికం ఎగిరిపోలేదు. మొత్తం ఖర్చు చెప్పుకోదగ్గంత పెరగలేదు. కాకపోతే శాఖలు తెరిచిన బస్తీల్లో ఇంటి సామాన్ల మీద, వ్యాపార సామగ్రి మీద ఖర్చు పెరిగింది. టీ, పొగాకు, మందు, బయటి తిండి వంటి వాటి మీద తగ్గింది. ఒక పెద్ద వస్తువు కళ్లముందు కనిపించి, అది అందుతుందన్న నమ్మకం కలిగాక, చిల్లర సరదాలను ఎవరూ చెప్పకుండానే వాళ్లే తగ్గించుకున్నారు. దారి కనిపించని మనిషికి పొదుపు పాఠం చెప్పడం దండగని ఈ ఫలితం చదివిన ప్రతిసారీ అనిపిస్తుంది. పది రూపాయలు దాచినా ఎటూ చేరలేనని తెలిసినవాడు ఆ పదీ పెట్టి టీ తాగుతాడు. అందులో తెలివితక్కువతనం ఏముంది?

ఆ అప్పుల కథ చివరికి చేదుగా ముగిసింది. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు రుణాలిచ్చి, వారం వారం వసూళ్లకు గుమ్మం ముందు కూర్చుని, ఆత్మహత్యల దాకా తెచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సుతో వాటిని కట్టడి చేసింది. అప్పటి రుణ సంస్థల స్థానంలోకి ఇప్పుడు వాయిదాల దుకాణం వచ్చింది. ఫ్రిజ్జు, ఫోను, టీవీ, బండి అన్నిటికీ మొదటి విడత కొంచెం కట్టి పట్టుకెళ్లమంటారు. వస్తువు అనుభవంలోకి వచ్చాక డబ్బు కట్టడం ఎప్పుడూ బరువుగానే ఉంటుంది. సీజను కూలీకి ఈ బరువు రెట్టింపు. వాయిదా పన్నెండు నెలలూ వస్తుంది, పని అన్ని నెలలూ ఉండదు.

దీనికి విరుగుడుగా మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టింది చీటీ. ఇరవై మంది, నెలకు వెయ్యి, ఇరవై నెలలు అనుకోండి. నెలకు ఇరవై వేలు పోగవుతుంది. కూతురి పుష్పవతి ఫంక్షను దగ్గరపడ్డ ఒకామె మూడు వేలు తగ్గించి పాడుకుంటుంది. ఆమె చేతికి పదిహేడు వేలు వస్తాయి. ఆ మూడు వేలలో వెయ్యి చీటీ నడిపేవాళ్ల కమీషను. మిగతా రెండు వేలు ఇరవై మందికీ పంచితే తలా వంద. అంటే ఆ నెల అందరూ కట్టేది తొమ్మిది వందలే. అవసరం ముందున్నవాళ్లు కొంచెం వదులుకుంటారు, ఆగగలిగినవాళ్లకు అది వడ్డీ అవుతుంది. పాట రోజు అందరూ ఒక వరండాలో కూర్చుంటారు. ఎవరింట్లో ఏ అవసరం ఉందో తెలుస్తుంది, ఒక్కోసారి మిగతావాళ్లు పాట పాడకుండా ఆగి ఒకరికి వదిలేస్తారు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం వీటిని రిజిస్టరు చేయాలి. ఊళ్లలో నడిచే చీటీలు చాలావరకు నమ్మకం మీదే నడుస్తాయి. నడిపే మనిషి రాత్రికి రాత్రి చీటీలు ఎత్తేసి పోతే ఇరవై ఇళ్ల సరదాలూ అవసరాలూ ఒక్కసారే మునుగుతాయి. ఆ ముప్పు ఉన్నా, రోజుకూలి మీద బతికేవాళ్లకు ముందు పోగుచేసి తర్వాత కొనే పద్ధతే వాయిదా కంటే మేలని నేను అనుకుంటాను. డ్వాక్రా సంఘాల పొదుపులో ఇదే బలం ఉంది, పైగా దానికి పుస్తకం, బ్యాంకు ఖాతా ఉన్నాయి.

కంపెనీలు ఈ ప్రశ్నకు వేరే జవాబు కనిపెట్టాయి. వస్తువును చిన్నది చేశాయి. తమిళనాడులోని కడలూరులో చిన్నికృష్ణన్ అనే ఆయన షాంపూను చిన్న పొట్లాల్లో నింపి అమ్మవచ్చని చూపించారు. ఆయన కొడుకు సి.కె.రంగనాథన్ 1983లో మొదలుపెట్టిన చిక్ షాంపూ అదే దారిలో పల్లెపల్లెకూ చేరింది. చిన్న ప్యాకెట్టు పేరుతో పేదవాణ్ణి దోచుకుంటారన్న విమర్శ తరచూ వింటాం. షాంపూ విషయంలో అది చాలాసార్లు నిలబడదు. మన దేశంలో మిల్లీలీటరు లెక్కన పెద్ద సీసా కంటే పొట్లమే చవగ్గా పడిన సందర్భాలు ఎక్కువ. బిస్కెట్ల దగ్గర మాత్రం విమర్శ నిజం. ఐదు రూపాయల ధర అలాగే ఉంచి లోపల బరువు తగ్గించుకుంటూ వచ్చారు. 2025 సెప్టెంబరు 22నుంచి సబ్బు, షాంపూ, బిస్కెట్టు, ఐస్‌క్రీముల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, 350 సీసీ లోపు మోటారు సైకిళ్ల మీద 28 నుంచి 18 శాతానికి తగ్గింది. చిన్న సరదాల మీద పన్ను ఇంత స్పష్టంగా తగ్గడం మంచిదే. తగ్గిన పన్ను కొనేవాడి చేతికి చేరేలా చూసే పని మిగిలే ఉంది.

అన్ని సరదాలూ చవకవుతున్నాయని కాదు. ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో 2025-26 కూలి రోజుకు 307 రూపాయలు. సీజనులో కోత కూలి దీనికంటే మెరుగ్గా ఉండొచ్చు, కానీ కొలవడానికి ఇదొక గట్టి కొలబద్ద. 2024 జులైలో ఫోను కంపెనీలు ధరలు పెంచాక, 28 రోజులకు 239 ఉన్న జియో ప్లాను 299 అయింది. ఒక ఫోనుకు ఒక రోజు కూలి. ఇంట్లో మూడు ఫోన్లుంటే మూడు రోజులు. బంగారం సంగతి చెప్పనక్కర్లేదు. 2000 సంవత్సరంలో పది గ్రాములు దాదాపు 4,400 రూపాయలు. 2025 ఏప్రిల్లో లక్ష దాటింది. ఒక్క గ్రాముకు పది వేలంటే ఉపాధి హామీ కూలి 33 రోజులు. బంగారం మనకు సొమ్మూ, దాపుడూ, పరువూ కూడా. కష్టంలో తాకట్టు పెడితే గంటలో డబ్బిచ్చే వస్తువు. అది అందకుండా పోవడంతో కూలి కుటుంబం ఒక సరదాను మాత్రమే పోగొట్టుకోలేదు, ఒక ఆసరానూ పోగొట్టుకుంది. పెళ్లిళ్లలో ఆ మెరుపు లోటును మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో తయారయ్యే రోల్డ్‌గోల్డ్ నగలు తీరుస్తున్నాయి. వాటి పనితనం చక్కగా ఉంటుంది, ఎన్నో కుటుంబాలకు అది జీవనాధారం కూడా. కాకపోతే ఆసుపత్రి ఖర్చొచ్చిన రోజున ఏ బ్యాంకూ వాటిని తూకం వేయదు.

ప్రభుత్వం కూడా జనం సరదాల్లో వేలు పెడుతూనే ఉంది. సినిమా టికెట్టు ఉదాహరణ చూడండి. 2021 ఏప్రిల్లో జీవో 35తో పల్లె థియేటర్లలో కనిష్ఠ ధరను ఐదు రూపాయల దాకా దించారు. థియేటర్లు నడవవని గోల లేచాక 2022 మార్చిలో ధరలు సవరించారు. 2025 జనవరిలో గేమ్ ఛేంజర్ సినిమాకు అర్ధరాత్రి దాటాక వేసే బెనిఫిట్ షోకు 600 రూపాయలకు అనుమతి ఇచ్చారు. ఐదుకూ ఆరు వందలకూ మధ్య నలుగురున్న ఇల్లు నెలకోసారి హాయిగా హాల్లో కూర్చోగలిగే ధర ఒకటి స్థిరంగా ఉండాలి. పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటిల్లిపాదీ చూసే సినిమా ఈ మైదానంలో అందరికీ తెలిసిన పెద్ద సరదా.

ఇక మందు. దీని దగ్గర సర్దుకుపోయే మాట నేను చెప్పలేను. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. 2024 అక్టోబరు కొత్త మద్యం విధానంలో 99 రూపాయలకు క్వార్టరు ఇవ్వడం ఒక హామీగా అమలైంది. రోజూ ఒక క్వార్టరంటే నెలకు 2,970 రూపాయలు, ఉపాధి హామీ కూలిలో దాదాపు పది రోజులు. ఈ పది రోజుల కూలి పక్కన ఆడమనిషి మూర పూలు పెట్టి, రెండూ చిన్న సరదాలే కదా అంటే నేనొప్పుకోను. ఒకటి ఇల్లంతా పంచుకునేది. రెండోది ఒక్కడే తాగి, ఇల్లంతా మోసేది. సరదా ఎంత ఖరీదన్నది చూసినంతగా, అది ఎవరి నోటినుంచి ఏ ముద్ద తీసిందన్నది కూడా చూడాలి.

ఆడవాళ్ల చేతిలో నేరుగా డబ్బు మిగిలితే ఏం జరుగుతుందో ఇప్పుడు కనబడుతోంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. గుంటూరులో పనిచేసే అమ్మాయికి రోజూ రానూపోనూ చార్జీ మిగిలిందంటే, ఎవర్నీ అడగక్కర్లేని చిల్లర ఆమె పర్సులో పడినట్టే. దాంతో ఆమె మధ్యాహ్నం తోటి అమ్మాయిలతో కలిసి బాదంపాలు తాగుతుందా, తమ్ముడికి పెన్నులు కొంటుందా అన్నది ఆమె ఇష్టం. "ఈ వయసులో నాకెందుకులే అమ్మాయ్" అంటూ తన ముచ్చట ప్రతిసారీ వాయిదావేసుకున్న తల్లులు మన ఇళ్లలో చాలామంది. వాళ్లకు ఈ స్వేచ్ఛ చాలా ఆలస్యంగా అందింది.

ఇళ్లను నిజంగా కుంగదీసేవి రెండు మూడే. జబ్బు, చదువు, పెళ్లి. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో వైద్యంమీద అయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం తమ జేబునుంచి పెట్టుకున్నదే. అంత పెద్ద బండ పక్కన సాయంత్రపు టీ ఖర్చు లెక్కలోకి రాదు. ఆ బండను పక్కకు జరిపితే ఏమవుతుందో చూడాలంటే పెదకాకానిలోనే శంకర కంటి ఆసుపత్రి ఉంది. డబ్బు కట్టగలిగిన కొద్దిమంది నుంచి తీసుకుని, మిగతా ఎక్కువమందికి ఉచితంగా ఆపరేషన్లు చేసే పద్ధతి దానిది. పల్లెనుంచి వచ్చిన ముసలాయన శుక్లం తీయించుకుని, ఎవరిదీ అప్పు లేకుండా ఇంటికి వెళ్తాడు. ఆ ఇంట్లో ఆ ఏడాది సంక్రాంతికి కొత్త బట్టలు కొనగలిగితే ఆ ఆపరేషనుకు డబ్బు కట్టాల్సి రాకపోవడం వల్లే.

చదువు దగ్గర ఇలాంటి ఊరట కనిపించదు. ప్రైవేటు బడి ఫీజు, ఇంటర్ హాస్టలు ఫీజు కట్టడానికి ఏళ్ల తరబడి అన్ని ముచ్చట్లూ మానుకున్న తల్లిదండ్రులు ఈ జిల్లాలో వేలమంది. అది త్యాగమని పొగిడి ఊరుకోవడం తేలిక. మంచి చదువు మామూలు ఆదాయంలో దొరక్కపోవడం వల్లే ఆ ఇంట్లో పూలు, సినిమాలు మానేశారని గట్టిగా చెప్పాలి.

మామూలు కూలిలో సరదాకు వాటా ఉండాలన్నది ఇప్పుడు పుట్టిన కోరిక కూడా కాదు. మన దేశపు వేతన చట్టంలో దానికి వేరు ఉంది. 1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనాన్ని ఎలా కట్టాలో చెప్పింది. సంపాదించేవారికి, వారి మీద ఆధారపడ్డవారికి కలిపి మూడు వినియోగ యూనిట్లు, యూనిట్‌కు రోజుకు 2,700 క్యాలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, అద్దె, వంటచెరకు, దీపం, ఇతరాలకు 20 శాతం. అందులో పండగ లేదు. 1991లో రెప్టకోస్ బ్రెట్ కంపెనీ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఆ లోటు పూడ్చింది. పిల్లల చదువు, వైద్యం, పండగలు శుభకార్యాలతో సహా కనీస వినోదం, ముసలితనం, పెళ్లిళ్ల కోసం మరో 25 శాతం కలపాలని చెప్పింది. వినోదమూ పండగా కనీస వేతనంలో భాగమని దేశంలో అత్యున్నత న్యాయస్థానం అన్న ఆ మాట ప్రతి కూలి అడ్డాలోనూ పెద్ద అక్షరాలతో రాసిపెట్టాల్సింది.

ఆచరణలో ఎక్కడున్నాం? 2019లో అనూప్ సత్పతి కమిటీ 2018 జులై ధరలకు రోజుకు 375 రూపాయలు జాతీయ కనీస వేతనంగా ఉండాలని సిఫారసు చేసింది. అప్పటికి కేంద్రం సూచించిన కనీస మట్టం 176 రూపాయలు, సిఫారసులో సగానికి కూడా చేరని అంకె. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. వేతనాల స్మృతి ప్రకారం కేంద్రం కొత్త కనీస మట్టం ప్రకటించాలి, ఏ రాష్ట్రమూ దానికంటే తక్కువ పెట్టకూడదు. ఆ అంకె కట్టేటప్పుడు తిండి, బట్ట, అద్దెలతో లెక్క ముగిస్తారా, సుప్రీంకోర్టు చెప్పిన ఆ 25 శాతాన్నీ పూర్తిగా కలుపుతారా అన్నది ఇప్పుడు కార్మిక సంఘాలు గట్టిగా పట్టుకుని అడగాలి. మిర్చి యార్డు హమాలీలకు అడగడానికి సంఘాలున్నాయి. ముచ్చికలు తీసే ఆడవాళ్ల తరఫున వేతన చర్చల్లో కూర్చునేవాళ్లు ఇంకా రావాలి.